మూడో రెక్క కొసన

మెట్టెక్కిన యాభయ్యో ఏడు, జ్యేష్ఠ శుద్ధ విదియ

పొద్దున లేవగానే మొదటి వింత, చప్పుడు లేకపోవడం. గాలిస్తంభం ఆగి ఉంది. గాలి పడిపోతే స్తంభం ఆగడం వింతేమీ కాదు, ఆగిన తీరు వింత. వైశాఖం చివర్లో కొత్తగా ఎక్కించిన మూడో రెక్క నిట్టనిలువుగా నేలకేసి చూస్తోంది. మిగతా రెండూ చేతులెత్తేసినట్టు పైకి పోయి ఉన్నాయి. నిన్న సాయంత్రం గాలి తగ్గినప్పుడు కూడా ఇలాగే ఆగింది. అప్పుడు ఏదో అలా కుదిరిందిలే అనుకున్నాను.

మూడు రెక్కలూ ఒకే బరువైతే గాలి ఎక్కడ వదిలితే అక్కడే నిలబడాలి. నాగభూషణం మేష్టారికి చూపించాను. మాకు పాఠాలు చెప్పేదీ, స్తంభం బాగోగులు చూసేదీ ఆయనే. కళ్ళద్దాలు పంచె అంచుతో తుడుచుకుని, చాలాసేపు చూసి, "రాసుకో" అన్నారు. నచ్చనిది కనిపించినప్పుడు ఆయన అనే మాట అది.

ఈ దినచర్య రాసే పని నాకు అప్పగించి పక్షం కూడా కాలేదు. గాలి, నీళ్ళు, మరమ్మతు, ఈ మూడు తప్ప ఇంకేమీ రాయొద్దన్నారు. అలాగే రాద్దామని కూర్చుంటాను. కానీ ‘గాలి లేదు’ అని రాశాక అది చాలదనిపిస్తుంది. లేదా, పడిపోయిందా, దాక్కుందా? మూడూ ఒకటి కావు. ఇవాళ్టిది దాక్కున్న గాలి. ఆకు కదలడం లేదు గానీ చెవి పక్కన ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఉంది.

నీళ్ళు: లోయలో ఏటి నుంచి ఒక్క చుక్క పైకి ఎక్కలేదు. తొట్టిలో రేపటికి ఉన్నాయి. మరమ్మతు: లేదు.

చవితి

గాలి వచ్చింది. స్తంభం తిరుగుతోంది, తొట్టి నిండుతోంది. మధ్యాహ్నం దాకా బెండుసాలలో తవిటమ్మత్త దగ్గర పని చేశాను. కాయలు పగిలే రోజులు కావడంతో బెండుచెట్ల దూది గాలికి లేచి అంతటా తిరుగుతోంది. జుట్టులో దూది, మజ్జిగలో దూది, ఈ కాగితం మీద తడి సిరాకి అంటుకుని దూది. పై వాక్యంలో ‘నిండుతోంది’ దగ్గర మరక అదే.

పుస్తకాల్లో ఈ చెట్టుని బాల్సా అన్నారు. మా మెట్ట మీద బెండుచెట్టే. మా తాతలు కింద ఊళ్ళలో ఉన్నప్పుడు పెళ్ళి బాసికాలు కట్టే జీలుగని బెండు అనేవారట. ఇక్కడికొచ్చి ఈ చెక్క చేతిలోకి తీసుకోగానే ఇదీ అలాగే ఉందని ఆ పేరే పెట్టేశారు. సామాను వదిలేసి వచ్చినవాళ్ళు మాటల్ని మాత్రం మోసుకొచ్చారు.

నరికిన రోజు బెండుమాను నలుగురు పట్టినా లేవదు. లోపలంతా నీళ్ళే. వేడిగదిలో ఆరి బయటికొచ్చాక అదే దుంగని నేనొక్కదాన్నే ఎత్తుకుని తెస్తాను. ఆరిన ముక్కల్ని తవిటమ్మత్త అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఈక, పీచు, మొద్దు అని మూడు కుప్పలు వేస్తుంది. అన్నిటికన్నా తేలికైన ఈక రెక్క కొసకి పోతుంది. పీచు నడిమికి. మొద్దు ఇరుసు దగ్గరికి. చేత్తో చూశాక ప్రతి ముక్కనీ మళ్ళీ తక్కెడలో వేస్తుంది. ఎందుకని అడిగితే, "నా చెయ్యి అబద్ధమాడదే గుంటా, పెద్దలు చేతిని నమ్మరు" అంది.

ముక్కల్ని రెక్కలో పడుకోబెట్టరు, నిలబెడతారు. పడుకున్న బెండు మీద గోరు గుచ్చితే దిగిపోతుంది. అదే ముక్కని నిలబెట్టి మడమతో తొక్కినా నొక్కుపడదు. ఇది తెలిసిన రోజు నేను సాల అంతా ముక్కల మీద నిలబడి తిరిగాను. అత్త తిట్టింది.

ఒక్కటే జాగ్రత్త, ఆరేళ్ళు నిండాక చెట్టుని ఉంచకూడదు. ఉంచితే మొదలు లోపల నీరు పట్టి బరువెక్కుతుంది. దాన్ని నీటిగుండె అంటారు. ఈ మాట ఎవరు కట్టారో గానీ, వాళ్ళకి దండం పెట్టాలి.

సప్తమి

గాలి పెరిగింది. దాంతో పాటు వణుకూ పెరిగింది. మేష్టారు కంపనం అని రాయమన్నారు. రాశాను. కానీ స్తంభం మొదట్లో చెయ్యి ఆనిస్తే కలిగేది కంపనం కాదు, వణుకే. జ్వరం వచ్చినవాడి వీపు మీద చెయ్యి వేసినట్టుంది. స్తంభం పక్కన పెట్టిన చెంబులో నీళ్ళు వలయాలు వలయాలుగా కదులుతున్నాయి. మధ్యాహ్నం పైనుంచి ఒక నట్టు ఊడి మేష్టారి ముందే పడింది.

సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. ఇంకొన్ని రోజుల్లో ఆషాఢం గాలి వస్తుంది. ఈ వణుకుతో ఆ గాలిని స్తంభం తట్టుకోదని మేష్టారు చెప్పారు. స్తంభం పోతే నీళ్ళు ఎక్కవు, వేడిగదిలో పంకాలు తిరగవు. కొత్త రెక్కకి చెట్టు కొట్టి, ఆరబెట్టి, అతికేసరికి కార్తీకం. అప్పటిదాకా అందరం లోయలోకి దిగి ఏటి ఒడ్డున ఉండాలి. లోయలో ఉండడమంటే ఏమిటో మెట్ట మీద అందరికీ తెలుసు. పోయినేడు చెట్లు కొట్టడానికి పిల్లలతో సహా దిగినవాళ్ళకి అక్కడి దోమలతోనే జ్వరం వచ్చింది, చాలామంది పోయారు. మా అమ్మ కూడా అలా దిగినదే.

తప్పెవరిదన్న మాట వచ్చింది. అందరి చూపులూ తవిటమ్మత్త మీదికి పోయాయి. వయసు దాటిన చెట్టు నుంచి నీటిగుండె ముక్కలు వేసేసిందని ఒకాయన అన్నాడు. అత్త లేచి, అంత అనుమానముంటే రెక్క కోసి ఒక్కో ముక్కా తూచుకోమంది. గొంతు గట్టిగానే ఉంది, చెయ్యి మాత్రం చెంగుని మెలిపెడుతూనే ఉంది. రెక్క కొయ్యడమన్న మాట వినగానే నింద వేసినాయన కూడా వెనక్కి తగ్గి కూర్చున్నాడు.

ఎందుకో రాయాలి. మా మెట్టలో పోయినవాళ్ళ పేరు అరచేతంత బెండుచెక్క మీద చెక్కి, తర్వాత తయారయ్యే రెక్కలో పెడతాం. రెక్కలోంచి ఒక ముక్క తీసి, అంతే కొలతలో పేరుచెక్క పెట్టి, పైన నారగుడ్డ కప్పి బంక పూస్తాం. పోయినవాళ్ళు తేలికైపోయి గాలితో తిరుగుతారని నమ్మకం. ఆ గూట్లో ఇంకేమీ పెట్టకూడదు. పేరుచెక్క పెట్టేటప్పుడు ఇంటివాళ్ళు తప్ప మిగతావాళ్ళందరూ అటు తిరిగి నిలబడతారు. పోయిన వరస ప్రకారం ఇరుసు వైపు నుంచి కొస వైపుకి పెట్టుకుంటూ పోతారు. రెక్కని అంతకుముందే తూస్తారు. పేర్లు ఎక్కాక మళ్ళీ తక్కెడ దగ్గరికి తీసుకెళ్ళరు. పోయినవాళ్ళని తూచకూడదు.

మూడో రెక్కలో జ్వరం ఏడాది పేర్లన్నీ ఉన్నాయి. అందరికన్నా ఆఖరుగా మా అమ్మ పేరు, కొసన. అసిరితల్లి. ఆ అక్షరాలు నేనే చెక్కాను. నాన్న దాన్ని గూట్లో పెట్టేటప్పుడు మాత్రం చూడలేక నేనూ అటు తిరిగిపోయాను.

అమావాస్య లోపల దారి దొరక్కపోతే రెక్క దించి నిలువునా కోసెయ్యడమేనని తేల్చారు. కోస్తే పేరుచెక్కలు బంకతో పాటు ముక్కలైపోతాయి. మా నాన్న గవరయ్య ఆ రెక్క అతికిన వడ్రంగి, స్తంభం ఎక్కేదీ ఆయనే. ఆ మాట వినగానే లేచి వెళ్ళిపోయాడు.

నవమి

స్తంభాన్ని తాళ్ళతో కట్టేశారు. లోయ నుంచి కావిళ్ళతో నీళ్ళు మోస్తున్నాం. మెట్లు ఎక్కుతుంటే ఒక మాట, దిగుతుంటే ఇంకో మాట వస్తుంది బుర్రలోకి. ఎక్కేటప్పుడు వచ్చినవన్నీ చిన్న మాటలు. భుజం, ఉప్పు, ఎండ. దిగేటప్పుడు పెద్దవి. రాసుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

తవిటమ్మత్తతో ఎవరూ మాట్లాడడం లేదు. ఆమె కావిడి ముందు జనం పక్కకి తప్పుకుంటున్నారు. దారి ఇచ్చినట్టు కనిపిస్తుంది గానీ అది దారి ఇవ్వడం కాదు. నేను ఆమె వెనకే నడిచాను. తాటాకు గొడుగులా నా వెనక పడతావేటని కసిరింది, కానీ నడక తగ్గించింది.

ఇంట్లో నాన్నతో రెక్క మాట ఎత్తాను. కొయ్యకుండా ఏదైనా చెయ్యగలమా అని అడిగాను. అన్నం సగంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

ఏకాదశి

ఇవాళ జరిగింది ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

పొద్దున రెండో కావిడి దించాక సన్నెమ్మవ్వ నన్ను వాళ్ళ పెరట్లోకి లాక్కుపోయింది. ఆమె భర్త పేరు మూడో రెక్కలో ఇరుసుకి దగ్గరగా ఉంది. తలుపు వేసి, గొళ్ళెం పెట్టి, నా చెవి దగ్గరికొచ్చి, ఆ రోజు పేరుచెక్క పెట్టేటప్పుడు గూడు కొంచెం తవ్వి ఆయన ముక్కుపొడి డబ్బా కూడా లోపల పెట్టేశానని చెప్పింది. ఇత్తడి డబ్బా.

"పొడి లేకపోతే ఆయన ఒక్క పూట ఉండలేడే. అందరూ అటు తిరిగి ఉంటిరి గదా, ఎవులు సూత్తారని. నా డబ్బా మూలానే ఊరు కూలిపోతందా?"

ఆమె ఏడుపు చూసి నాకు నవ్వు వచ్చింది, సిగ్గూ వచ్చింది. ఒక్క డబ్బాకి స్తంభం వణకదని చెప్పాను. నమ్మలేదు. సగం దారి వచ్చాక ఆగిపోయాను. అందరూ అటు తిరిగి ఉన్నారు. ఒక్క సన్నెమ్మవ్వకేనా?

ఎర్రునాయుడు మామ ఇంటికి వెళ్ళాను. వాళ్ళ చిన్నపాప జ్వరంలో పోయింది. నేరుగా అడగలేక, పాపకి ఏదైనా తోడు పంపారా మామా అన్నాను. చేతిలో కొడవలి కిందపెట్టాడు. కాలి పట్టాలు, అన్నాడు. రెండూ. ఒకటి పెడితే నడవలేదు గదా అన్నాడు.

సాయంత్రం దాకా తిరిగాను. ఒకరు తాళంచెవుల గుత్తి, ఒకరు దువ్వెనా అద్దమూ, ఒకరు కొడుకు ఉలి. ఒకావిడ తన పెళ్ళినాటి మట్టెలు, పోయింది చెల్లెలు, మట్టెలు అక్కవి. ఎందుకని అడగలేదు. నేను వెళ్ళిన ఇళ్ళన్నిట్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి పెట్టారు. ప్రతివాళ్ళూ ఆ తప్పు తామొక్కరే చేశామనుకున్నారు. ప్రతివాళ్ళూ నన్ను లోపలికి పిలిచి తలుపు వేశారు. ఇవాళ నా చెవి నిండా తలుపుల చప్పుడే.

అన్నీ మేష్టారికి చెప్పాను. ఎవరి పేరు ఎక్కడుందో రెక్క బొమ్మ గీసి చూపించాను. ఆయన కోప్పడతారనుకున్నాను. తన అన్నగారి కళ్ళద్దాలు తనూ పెట్టానని చెప్పారు. మళ్ళీ వెంటనే, "ఇది రాయకు" అన్నారు. కాసేపయ్యాక, "సరే, రాయి" అన్నారు.

అక్కడి నుంచి ఇద్దరం తవిటమ్మత్త దగ్గరికి వెళ్ళాం. ఆమె వేసిన బెండులో తప్పు లేదని మేష్టారు చేతులు కట్టుకుని చెప్పారు. ఆమె ఊరంతటినీ తిట్టింది. ఆ తిట్లలో నాకు తెలియనివి రెండు ఉన్నాయి. తర్వాత కూర్చోబెట్టి ఇద్దరికీ అంబలి పోసింది.

త్రయోదశి

మేష్టారి ఆలోచన ఇది. ఎవరేం పెట్టారో, ఎక్కడ పెట్టారో తెలిస్తే రెక్క కొయ్యక్కర్లేదు. మిగతా రెండు రెక్కలకి మొదట్లో, ఇరుసు పక్కన, ఇసుక సంచులు పెట్టే గూళ్ళున్నాయి. వాటిలో సరైన బరువు పెడితే మూడూ సమానమవుతాయి. పేర్లని ఎవరూ తాకరు. ఈ మాట ఊళ్ళో పాకగానే దాచినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అరుగుల మీద కూర్చుని చెప్పుకోవడం మొదలుపెట్టారు. నిన్నటిదాకా నేరం, ఇవాళ వంతులు వేసుకుని చెబుతున్నారు. దువ్వెన పెట్టినాయనని, బట్టతల మనిషికి దువ్వెనెందుకురా అని ఏడిపిస్తున్నారు.

అత్త అలాంటి వస్తువుల్నే ఊళ్ళోంచి తెప్పించి తూచింది. వాటి లెక్కన నేనూ మేష్టారూ కూర్చుని కూడికలు వేశాం. ఇక్కడ నేను కొత్తగా నేర్చుకున్నది: బరువు ఎంత అన్నది ఒక్కటే కాదు, ఇరుసుకి ఎంత దూరంలో ఉందన్నది కూడా. మొదట్లో పెట్టిన ఇత్తడి డబ్బా కన్నా కొస దగ్గర పెట్టిన చిన్న ఉంగరం ఎక్కువ లాగుతుంది. తలుపుని మడతబందు దగ్గర తోస్తే కదలదు, అంచు దగ్గర వేలితో తోసినా కదులుతుంది, అలాగ.

పౌర్ణమి

గాలి లేని పొద్దు కోసం చూసి ఇవాళ పరీక్ష పెట్టాం. నాన్న ఎక్కాడు. లెక్క ప్రకారం ఇసుక సంచులు మొదటి రెక్క గూట్లో, రెండో రెక్క గూట్లో పెట్టి తాళ్ళు విప్పాడు. మూడో రెక్కని పక్కకి నిలబెట్టి వదిలాడు. ఊరంతా కింద నిలబడి చూస్తోంది. రెక్క కాసేపు అలాగే ఉంటుందేమో అనిపించింది. మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు, కిందికి వచ్చేసింది.

సంచులు పెంచాం. మళ్ళీ వచ్చేసింది. ఇంకా పెంచాం. చివరికి రెక్క ఎక్కడ వదిలితే అక్కడ నిలబడేసరికి, మేం వేసిన లెక్కకి రెట్టింపు దాటి ఇసుక పట్టింది. ఇంత బరువు పెట్టి ఆషాఢం గాలికి వదిలితే ఇరుసు విరుగుతుందని మేష్టారు అన్నారు.

అందరూ చెప్పిన వస్తువులన్నీ కలిపినా ఇందులో సగం కాదు. ఇంకెవరో చెప్పలేదు. మొదట్లో అయితే అంత లాగాలంటే ఒక తిరగలి పెట్టి ఉండాలి, అది గూట్లో పట్టదు. కొస దగ్గరైతే చిన్నదైనా చాలు. మేష్టారు బొమ్మ మీద వేలు పెట్టి కొసదాకా జరిపారు. అక్కడ ఒకే పేరుంది. ఆయన వేలు తీసేసి, కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఈసారి రాసుకో అనలేదు.

పైనుంచి నాన్న దిగుతున్నాడు. మేం గీసిన బొమ్మ ఆయనకి కనిపించకుండా నేను దాని మీద కూర్చున్నాను. ఎందుకలా చేశానో తెలియదు. సంచులన్నీ తన చేత్తోనే కట్టాడు. ఒక్కొక్కటీ పెంచినప్పుడు ఆయనకి తెలిసే ఉంటుంది.

బహుళ పాడ్యమి

ఊరివాళ్ళకి కూడా లెక్క అర్థమైపోయింది. ఎవరూ ఏమీ అనడం లేదు, ఆ అనకపోవడమే కష్టంగా ఉంది. నేను నాన్నని అడగాలనుకున్నాను. పొద్దుటి నుంచి వాక్యం కడుతూనే ఉన్నాను. ‘నాన్నా, నువ్వేమైనా’ దాకా వచ్చి ఆగిపోతోంది. ఇన్ని మాటలు పోగేసుకున్నాను, ఒక్కటీ పనికి రాలేదు.

చివరికి ఆయనే వచ్చాడు. బెండుసాలలో నేను తరుగు ఊడుస్తుంటే గుమ్మంలో కూర్చున్నాడు.

"పొత్రం," అన్నాడు.

మా సన్నికల్లు పొత్రం. జ్వరం గొడవలో ఎక్కడో పోయిందనుకుని, నేను ఏటిరాయితో నూరుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన నావైపు చూడకుండా చెప్పాడు.

"మీ యమ్మకి గాలంటే బయ్యం. నీకు తెల్దు. గాలి లేసిందంటే మంచంకోడు పట్టుకుని తొంగునేది. నువ్వు నిద్దరోయేదానివి. ఎవులితో సెప్పొద్దని నాకాడ ఒట్టేయించుకుంది. గాలిమెట్ట కోడలికి గాలంటే బయ్యమంటే నవ్వుతారని."

నేను చీపురు కింద పెట్టాను.

"ఆ రోజు అందరూ అదృష్టవంతురాలన్నారు. కొస దొరికింది, గాలంతా దాందేనన్నారు. నాకు లోపల ఒణికిపోతంది. వద్దని ఎలాగ సెప్పీది? పట్టుకోడానికి ఏదైనా ఉండాలి గదమ్మా. దాని సెయ్యి రోజూ ఉన్న రాయి. గూడు ఇంకాస్త తవ్వి అది పెట్టీసినాను."

తన చేతుల వైపు చూసుకుంటూ అన్నాడు. "రేపు నానే కోసి తీసీస్తాను. మరేటి సేత్తాం. గానీ తీసీసి మల్లీ ఒట్టి చేతుల్తో దాన్ని ఆ కొసన వదిలీలేను."

ఊడ్చిన తరుగు మళ్ళీ అంతటా ఎగిరిపోయింది, గుమ్మంలోంచి గాలి వస్తోంది. ఆయన పక్కన కూర్చున్నాను. అమ్మ మంచంకోడు పట్టుకుని పడుకోవడం ఊహించుకోవాలని చూశాను. నాకు తెలిసిన అమ్మ చీర చెంగు దోపుకుని దూలాల మీద నడిచేది. మనిషి గురించి ఇంత పెద్ద సంగతి తెలియకుండా ఆమె పేరుని మూడు రోజులు కూర్చుని అందంగా చెక్కాను.

అదే రోజు, దీపం పెట్టాక

నిలవలేక మేష్టారి దగ్గరికి పరిగెత్తాను. పొత్రం సంగతి చెప్పాను. రాయి మాట వరకూ ఆయనకి చెప్పొచ్చా అని ముందే నాన్నని అడిగితే తల ఊపాడు. కొసని మాత్రం తెరిచి రాయి తీసేస్తే, మిగిలినవాటికి మొదట లెక్క కట్టిన ఇసుకే సరిపోతుందని మేష్టారు అన్నారు. స్తంభం నిలుస్తుంది, మిగతా పేర్లు భద్రం. ఆయన మొహం తేటపడింది. నాది పడలేదు.

అమ్మ భయం బయటపెట్టకుండా, స్తంభం నిలిస్తే సరిపోదని ఆయనకి చెప్పడానికి నాకు చాలా మాటలు పట్టాయి. అమ్మ మళ్ళీ కొసన ఉండకూడదు. రాయి లేకుండా ఉండకూడదు. రాయితో కొసన అసలే ఉండకూడదు. చెబుతూ చెబుతూ ఆయన గోడకి తగిలించుకున్న మా రెక్క బొమ్మ వైపు చూశాను. మొదట్లో ఎంత బరువు పెట్టినా లాగదు. అయితే మొదలు కన్నా ఇంకా లోపల, సరిగ్గా నడిమిన, మూడు రెక్కలూ వచ్చి కలిసే దిమ్మలో?

మేష్టారు నన్ను చూశారు. దిమ్మ ముందు మూతలో బెండే నింపి ఉంది, అందులో గూడు తవ్వొచ్చు. అక్కడ ఎంత బరువున్నా ఏ రెక్కా ఎటూ ఒరగదు.

పెద్దల దగ్గరికి వెళ్ళాం. నాన్న కూడా వచ్చాడు. దిమ్మలో ఎవరి పేరూ ఇంతవరకూ పెట్టలేదన్నారు. గాలి తగలని చోట ఉంచడం పోయినవాళ్ళని కట్టేసినట్టు కాదా అని ఒకాయన అన్నాడు. నాన్న అందరి ముందూ నోరు తెరవబోయాడు. ఆ ఒట్టు ఏమవుతుందోనని నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. కానీ ముందుగా సన్నెమ్మవ్వ లేచింది.

"నా మొగుడు తిరుగుబోతు, ఆడికి గాలి కావాలి. ఆయమ్మకి వద్దంటే మీకేటి నొప్పి? మీ అందరూ సట్టీ సామానూ లోపల దాసినోల్లే గదా."

 ఎర్రునాయుడు మామ నవ్వాడు, పాప పోయాక మొదటిసారి అనుకుంటాను. సరేనన్నారు. ఎందుకు వద్దో ఎవరూ అడగలేదు. నాన్న ఒట్టు నిలబడింది. ఇక్కడ రాసేశాను గనక మేష్టారిని అడిగి ఈ పేజీలు స్తంభం దినచర్యలోంచి తీసి నా దగ్గర ఉంచుకుంటాను. ఆ పుస్తకంలోకి గాలి, నీళ్ళు, మరమ్మతు.

ఇంటికి వస్తూ నాన్న మేష్టారిని ఒక్కటే అడిగాడు, నడిమిన గాలి తెలుస్తుందా అని.

"తిరుగుతుంది గవరయ్యా. ఉన్నచోటనే తిరుగుతుంది."

"ఉయ్యాల్లాగానా?"

"అంత ఊపు కూడా ఉండదు."

నాన్న తల ఊపాడు. ఇవాళ అన్నం మొత్తం తిన్నాడు.

రేపటి పని: దక్షిణపు గాలి ఎండెక్కాకే వస్తోంది, కాబట్టి తెల్లవారకముందే స్తంభం దగ్గర ఉండాలి. మూడో రెక్కని కిందికి తిప్పి తాళ్ళు కట్టేది మేష్టారు, నేను. సన్నరంపంతో కొస తెరిచేది నాన్న. ఆ గూట్లోకి ఈక ముక్కలు తవిటమ్మత్త ఇవాళే ఏరి పెట్టింది. తక్కెడ కూడా తెస్తానంది, ఈసారి పేరుచెక్కతో సహా అన్నీ తూచే ఎక్కిస్తామంది, ఎవరు కాదంటారో చూస్తానంది. పాత పేరుచెక్క బంకతో ఊడి రాకపోవచ్చు. అందుకని కొత్తది చెక్కుతున్నాను, ‘అ’ అయింది, ‘సి’కి గుడి ఇస్తున్నాను. ఇది పూర్తయ్యాకే పడుకుంటాను. దిమ్మ దాకా పొత్రాన్ని మోసేది నాన్న, పేరుచెక్కని మోసేది నేను. నిచ్చెన ఎక్కడం నాకిదే మొదలు.

గాలి లేచేలోగా అమ్మని కొస నుంచి దించెయ్యాలి.